క్లాసికల్ క్రిస్టియన్ బడిలో చేర్చే ముందు

క్లాసికల్ క్రిస్టియన్ బడి అంటే లాటిన్, తర్కం లాంటి పాతకాలపు పాశ్చాత్య చదువును బైబిల్‌తో కలిపి నేర్పే బడి. ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు తల్లిదండ్రులు అడ్మిషన్ ఫారం నింపే ముందు చూసుకోవాల్సినవి:

– అన్నిటికంటే ముందు గుర్తింపు. సీబీఎస్‌ఈనా, ఐసీఎస్‌ఈనా, ఒడిశా బోర్డా? అఫిలియేషన్ నంబర్ అడిగి బోర్డు వెబ్‌సైట్‌లో మీరే సరిచూడండి. గుర్తింపు లేకపోతే పదో తరగతి దగ్గర ఇరుక్కుంటారు. ఎన్‌ఐఓఎస్‌లో (జాతీయ ఓపెన్ స్కూల్ బోర్డు) రాయిస్తామని బడివాళ్లంటే, అక్కడ పదికి కనీసం 14 ఏళ్లు నిండాలి.

– ఈ చదువుకు మూడు దశలు: వ్యాకరణం, తర్కం, వక్తృత్వం (చక్కగా మాట్లాడటం, రాయడం). వ్యాకరణ దశలో, అంటే చిన్న తరగతుల్లో, లాటిన్ పదరూపాలు, బైబిల్ వచనాలు, చరిత్ర తేదీలు పాటలా వల్లె వేయిస్తారు. బట్టీ చదువని టెన్షన్ పడకండి. పన్నెండేళ్లు దాటాక, తర్కం దశలో, పిల్లలు ప్రతి మాటకీ ‘ఎందుకు?’ అంటారు. అదీ సిలబస్సే, కాస్త ఓపిక పట్టాలి మరి.

– తెలుగుకు పీరియడ్ ఉందా? ఇంగ్లిష్, ఒడియా, హిందీ, పైన లాటిన్ ఎలాగూ ఉంటాయి. తెలుగు లేకుంటే గుణింతాలు ఇంట్లోనే దిద్దించాలి.

– బైబిల్ ఒక్క పీరియడ్‌తో అయిపోదు, చరిత్ర, సైన్సు పాఠాల్లోనూ కలిసి ఉంటుంది. గుర్తింపు ఉన్న బడిలో మైనర్లకు మతబోధ చేయాలంటే సంరక్షకుల సమ్మతి కావాలి (రాజ్యాంగం, అధికరణం 28(3)). ఫారంలో ఆ లైను చదివాకే సంతకం పెట్టండి.