కంబాలకొండ అంచున ఊరపిల్లుల కట్టడి

విశాఖపట్నంలో సుమారు 70 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అభయారణ్యానికి దగ్గరగా ఎండాడ, మధురవాడ వైపు ఇళ్లు పెరిగేకొద్దీ, యజమాని లేని పిల్లులు పొదల్లోకి చేరి తొండలను, ఉడుతలను, పిగిలిపిట్టల కూనలను పట్టి తింటాయి. కడుపు నిండిన పిల్లి కూడా వేటాడుతుంది కనుక, తిండి పెడితే పిట్టల జోలికి పోదన్న నమ్మకం సరికాదు.

చేపల వ్యర్థాలను మూత బిగిసే డబ్బాలోనే వేయాలి. విషం పెట్టడం క్రూరమే కాక, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. ఆడపిల్లి ఆరు నెలలు నిండకముందే చూలు కట్టగలదు, సుమారు 65 రోజుల్లో ఈనుతుంది. అందుచేత కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సను వాయిదా వేయకూడదు.

శస్త్రచికిత్సకు పిల్లిని పట్టాలంటే, బోను తలుపును మూడు రోజులు తెరిచి కట్టి, లోపలి చివర ఎండు మెత్తళ్లు ఉంచి అలవాటు చేసి, నాలుగో సాయంత్రం కట్టు విప్పి, దూరంగా కనిపెట్టుకుని ఉండాలి. పిల్లి పడగానే బోనుపై దుప్పటి కప్పితే అది గింజుకోవడం మానుతుంది.

కప్పేముందు ఒక్క క్షణం పరికించి చూడండి. పొడవాటి కాళ్లు, మచ్చల్లేని ఇసుకరంగు ఒళ్లు, పొట్టి తోకపై నల్లని పట్టీలు, చెవుల కొనల్లో చిన్న నల్ల కుచ్చు కనిపిస్తే అది చట్టరక్షణ ఉన్న అడవిపిల్లి; వెంటనే తలుపు తీసి వదిలేయాలి. పాలిచ్చే తల్లిని కూడా పట్టి ఉంచకూడదు, దాని కూనలు ఎక్కడో ఆకలితో ఉంటాయి.

పశువైద్యుడు శస్త్రచికిత్సతో పాటు రేబిస్ టీకా వేసి, మత్తులో ఉండగానే గుర్తుగా చెవి కొన కొద్దిగా కత్తిరిస్తే, అదే పిల్లిని మళ్లీ పట్టే పని ఉండదు. పెంపుడు పిల్లులను మాత్రం రాత్రిళ్లు ఇంట్లోనే ఉంచాలి.