ఓవర్‌క్లాక్ చేసిన ప్రాసెసర్ తడబడుతోందా? వోల్టేజ్ పెంచే ముందు ఇవి చూడండి

ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగానికి మించి నడపడమే ఓవర్‌క్లాక్. సిస్టమ్ క్రాష్ కాగానే బయోస్‌లోకి (కంప్యూటర్ మూల సెట్టింగుల మెనూ) వెళ్లి వోల్టేజ్ ఇంకాస్త పెంచడం చాలామందికి అలవాటు. ప్రాసెసర్ ఆయుష్షును తొందరగా తినేసేది ఆ అలవాటే. ముందు లక్షణం ఏమిటో తేల్చుకోండి.

సమస్య: బరువైన పని పెట్టిన కొద్ది నిమిషాలకే వేగం పడిపోతోంది, ఫ్యాన్లు హోరెత్తుతున్నాయి

కారణం: థర్మల్ థ్రాట్లింగ్. చాలా ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు హద్దు 100 డిగ్రీల సెల్సియస్, ఏఎండీ రైజెన్ 7000 వరుసలో ఎక్కువ వాటికి 95. ఆ గీత తాకగానే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అంటే పాడైపోయిందని కాదు, తనను తాను కాపాడుకుంటోంది.

పరిష్కారం: కూలర్ విప్పండి. ప్రాసెసర్ నుంచి కూలర్‌కు వేడిని చేరవేసే పేస్ట్ ఎండి బీటలు వారిందా? మధ్యలో పలచబడి అంచులకు చేరిందా? ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టండి. స్క్రూలు ఒకేసారి బిగించెయ్యకుండా ఎదురెదురు మూలలు మార్చుకుంటూ కొద్దికొద్దిగా తిప్పండి. సిస్టమ్ కొత్తగా కట్టిందైతే కూలర్ అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర తీశారో లేదో కూడా చూసుకోండి.

సమస్య: ఏడాదిగా నిలకడగా నడిచిన ఓవర్‌క్లాక్ ఇప్పుడు బ్లూ స్క్రీన్ ఇస్తోంది, వేడి చూస్తే 70 డిగ్రీలు కూడా దాటలేదు

నన్ను నిజంగా కలవరపెట్టే లక్షణం ఇది. చిప్ అరిగిపోతోందని అనుమానించాలి.

కారణం: లోపల రెండు పనులు జరుగుతాయి. సన్నని లోహపు తీగల్లో ఎలక్ట్రాన్ల తాకిడికి లోహపు పరమాణువులు మెల్లగా జరిగిపోయి ఒకచోట ఖాళీ ఏర్పడుతుంది. దీన్నే ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. జేమ్స్ బ్లాక్ 1960ల్లో ఇచ్చిన సూత్రం ప్రకారం కరెంటు సాంద్రత పెరిగినా, ఉష్ణోగ్రత పెరిగినా తీగ ఆయుష్షు తగ్గుతుంది. రెండోది ట్రాన్సిస్టర్ల అలసట. ఎక్కువ వోల్టేజ్, వేడి కలిసి అవి ఆన్ అయ్యే వోల్టేజ్‌నే పైకి జరుపుతాయి, దాంతో అదే వేగానికి నిన్నటికన్నా ఇవాళ ఎక్కువ వోల్టేజ్ కావాలి. మీరు పెంచుతారు, అరుగుదల ఇంకా ముదురుతుంది.

పెంచితే ఎంత భారం పడుతుందో లెక్క వేయండి. పవర్ వోల్టేజ్ వర్గానికీ (వోల్టేజ్‌ను వోల్టేజ్‌తోనే గుణిస్తే వచ్చే విలువ), వేగానికీ అనులోమంగా పెరుగుతుంది. 1.20 నుంచి 1.35 వోల్టులకు, వేగం 10 శాతం పైకి తీసుకెళితే, పవర్ దాదాపు 39 శాతం పెరుగుతుంది.

పరిష్కారం: బయోస్‌లో డిఫాల్ట్స్ పెట్టండి, ర్యామ్ ప్రొఫైల్ (ర్యామ్‌ను మామూలుకన్నా వేగంగా నడిపే సెట్టింగ్) కూడా తీసేయండి. రెండు మూడు రోజులు మామూలుగా వాడండి. క్రాష్ ఆగిందా, వేగాన్ని పాతదానికన్నా 100, 200 మెగాహెర్ట్జ్ తక్కువగా పెట్టి, వోల్టేజ్‌నూ దించండి. పోయిన సత్తువ తిరిగి రాదు, మిగిలింది మాత్రం నిలుస్తుంది. లోడ్‌లైన్ కాలిబ్రేషన్ (లోడ్ పడినప్పుడు వోల్టేజ్ పడిపోకుండా చూసే బయోస్ సెట్టింగ్) అన్నింటికన్నా పై స్థాయిలో ఉంటే తగ్గించండి. లోడ్ ఒక్కసారిగా తగ్గినప్పుడు వోల్టేజ్ క్షణకాలం ఎగిసిపడుతుంది, మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకోలేదు. డిఫాల్ట్స్‌లోనూ క్రాష్ ఆగకపోతే, ప్రాసెసర్ మీద నింద వేసే ముందు ర్యామ్, పవర్ సప్లై పరీక్షించండి.

సమస్య: అసలు ఓవర్‌క్లాకే చేయలేదు, అయినా క్రాష్ అవుతోంది

కారణం: వోల్టేజ్ మీరే పెంచనక్కర్లేదు. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అవసరానికి మించిన వోల్టేజ్ అడిగి అరిగిపోతున్నాయని 2024లో తేలింది. 2023లో రైజెన్ 7000 ఎక్స్3డి చిప్‌లు కొన్ని కాలిపోయాక, ఏఎండీ ఎస్‌ఓసీ వోల్టేజ్‌ను (చిప్‌లో మెమరీ కంట్రోలర్ వంటి భాగాలకు వెళ్లేది) 1.3 వోల్టుల దగ్గర కట్టడి చేసింది.

పరిష్కారం: బయోస్ అప్‌డేట్ చేయండి. ఇంటెల్ ఆ చిప్‌లకు మైక్రోకోడ్ (చిప్ లోపలి నియంత్రణ కోడ్) దిద్దుబాటు ఇవ్వడంతో పాటు వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. అప్‌డేట్ ఇకమీదటి అరుగుదలకే అడ్డుకట్ట. అది పెట్టాక కూడా క్రాష్ అవుతుంటే చిప్‌ను వారంటీలో మార్పించుకోండి.