జాలకంలో సాలిటాన్ నిలుస్తుందో లేదో కంప్యూటర్‌లో తేల్చడం

సాలిటాన్ అంటే చెదరకుండా ఒకచోట పోగై నిలిచే తరంగం; జాలకం అంటే ఇక్కడ వరుసగా పేర్చిన బిందువులు. అలాంటి తరంగాలను వర్ణించే వివిక్త అరేఖీయ ష్రోడింగర్ సమీకరణంలో ఫోకసింగ్ రకాన్ని (తరంగం తనను తానే పోగుచేసుకునేది) తీసుకుందాం. పక్క బిందువుల మధ్య బంధం బలం సి, ఫ్రీక్వెన్సీ 1. సి = 0 దగ్గర ఏ బిందువుకా బిందువే విడి; అక్కడి తరంగ విలువ 0, 1, -1లలో ఒకటి. 1994లో శాస్త్రవేత్తలు మెకే, ఆబ్రీ బ్రీదర్ల (ఒకచోటే ఉండి ఊగే తరంగాల) ఉనికిని నిరూపించింది ఈ కొస నుంచే. మనమూ ఇక్కడే మొదలుపెడదాం.

101 బిందువులు తీసుకోండి. నడిమి దాంట్లో 1, మిగతా వాటిలో 0. సి ని 0.01 చొప్పున పెంచుతూ, కిందటి జవాబునే తొలి అంచనాగా న్యూటన్ పద్ధతికి (అంచనాను అడుగడుగునా సరిదిద్దే పద్ధతి) ఇవ్వండి. శేషం (జవాబును సమీకరణంలో పెడితే మిగిలే తేడా) 10⁻¹² కిందికి దిగాలి.

తర్వాత స్థిరత్వం చూడటానికి రెండు మాత్రికలు కట్టాలి. మొదటిదాని వికర్ణంలో 1 + 2సి నుంచి తరంగ విలువ వర్గానికి మూడింతలు తీసేయాలి (న్యూటన్‌లో వాడిన జాకోబియన్, అంటే వ్యుత్పన్నాల మాత్రిక, ఇదే), రెండోదాంట్లో ఒక్కింతే. రెండింట్లోనూ వికర్ణానికి అటూ ఇటూ -సి. 202×202 మాత్రికలో కుడి పై గడిలో రెండోది, ఎడమ కింది గడిలో గుర్తు మార్చిన మొదటిది, మిగతావి సున్నాలు. దీని ఐగెన్ విలువలు చిన్న కదలికలు ఎంత వేగంగా పెరుగుతాయో, ఊగుతాయో చెబుతాయి. వాటిలో ఒక్కదాని వాస్తవ భాగం ధనాత్మకమైనా తరంగం చెదురుతుంది.

ఒంటి బిందువు సాలిటాన్ స్థిరం. పక్కపక్కన 1, 1 పెడితే దాదాపు 2√సి అనే వాస్తవ విలువ వస్తుంది; సి = 0.01 అయితే 0.2. ఇక ఆశ లేదు. 1, -1 జంట సంగతే ఆసక్తికరం. అదే పరిమాణం కల్పిత అక్షం మీదికి పోతుంది కాబట్టి మొదట్లో స్థిరమే. కానీ దాని శక్తి రుణాత్మకం. కల్పిత అక్షం మీద 1 నుంచి 1 + 4సి వరకు పరుచుకున్న చిన్న అలల పట్టీని తాకగానే నాలుగు సంకీర్ణ విలువలు పుడతాయి. 2√సి సూత్రం ప్రకారం ఇది సి = 0.25 దగ్గర జరగాలి. లెక్క చేస్తే సుమారు 0.15కే జరుగుతుంది. 2√సి చిన్న సి కే పనికొస్తుంది మరి.

రెండు చోట్ల మోసపోతారు. దశ సౌష్ఠవం (తరంగం దశను అంతటా ఒకేలా తిప్పినా సమీకరణం మారకపోవడం) వల్ల సున్నా దగ్గర జంట విలువ ఉండి తీరుతుంది. శేషం 10⁻¹² ఉంటే అది దాని వర్గమూలమంత, 10⁻⁶ మేర, పక్కకు జరిగి కనిపిస్తుంది. అది అస్థిరత కాదు. ఇక జాలకం చిన్నదైతే పట్టీ విడి చుక్కలుగా ఉంటుంది. వాటి మధ్య సందుల్లో అస్థిరత మాయమై మళ్లీ తేలుతుంది. 201, 401 బిందువులతో మళ్లీ నడిపి, వాస్తవ భాగం ఒక విలువ దగ్గర కుదురుకుంటేనే నమ్మండి.

చివరగా 10⁻³ పరిమాణంలో యాదృచ్ఛిక కదలిక కలిపి కాలంలో నడపండి. పెరుగుదల రేటు ఐగెన్ విలువ వాస్తవ భాగంతో సరిపోవాలి. మారకుండా ఉండాల్సిన పరిమాణ వర్గాల మొత్తం మారుతుంటే కాలపు అడుగు సగం చేయండి.