చెన్నై నుంచి ఊరికి ఉత్తరం రాయడం ఎలా?

తిన్నావా, ఎండలెలా ఉన్నాయి, పిల్లలు బడికెళ్లారా అన్న కబుర్లకు ఫోను చాలు. ఉత్తరం ఇవాళ డబ్బాలో వేస్తే అందేసరికి కొన్ని రోజులు పడుతుంది. అందుకే రాసే రోజు కోసం కాదు, చదివే రోజు కోసం రాయాలి. "జలుబు చేసింది" అని రాశారనుకోండి, అది ఊరు చేరేలోపు మీకు తగ్గిపోతుంది, అమ్మమ్మకు మాత్రం అప్పుడే బెంగ మొదలవుతుంది. కాగితం ఎంచుకోవడం దగ్గర్నుంచి చిరునామా దాకా ఈ లెక్కే.

కాగితం, కలం

మొదటిసారి రాసేవాళ్లకు, మడిచి అంటిస్తే తానే కవరయ్యే ఇన్‌లాండ్ లెటర్ మంచిది. ధర 2 రూపాయల 50 పైసలు. చోటు తక్కువ కాబట్టి ఇంత కాగితం ఎలా నింపాలిరా బాబూ అన్న దిగులుండదు. లోపల ఫొటో గానీ చిన్న చీటీ గానీ పెట్టకూడదు, పెడితే కవరు రేటు పడుతుంది. మడతల దగ్గర, జిగురు అంచుల దగ్గర వేలి వెడల్పు ఖాళీ వదలండి. చించి తెరిచేటప్పుడు పోయేది అక్కడి మాటలే. కాగితం పల్చన కాబట్టి ఇంకుపెన్ను సిరా అవతలికి దిగుతుంది. బాల్‌పెన్ను వాడండి.

నాలుగు మాటలు ఎక్కువ రాయాలంటే కవరే. 20 గ్రాముల దాకా 5 రూపాయల స్టాంపు. మామూలు 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు) ఏ4 కాగితం 5 గ్రాములు తూగుతుంది, కవరు ఇంకో నాలుగైదు. అంటే మూడు కాగితాలు, లేదా రెండు కాగితాలూ ఒక ఫొటో. చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర కాగితాల బజారు ఆండర్సన్ స్ట్రీట్‌కు వెళ్లి ముచ్చటపడి మందపు కాగితం కొనుక్కుంటే ఈ లెక్క తప్పుతుంది. 100 జీఎస్ఎం అయితే ఒక్కోటీ 6 గ్రాములు దాటుతుంది. స్టాంపు తక్కువైతే తక్కువైనదానికి రెట్టింపు అక్కడ అమ్మమ్మ చేత కట్టిస్తారు. అనుమానం ఉంటే కౌంటర్లో తూయించండి.

గీతల కాగితమైతే గీత విడిచి గీత రాయాలి. తెలుగు రాతలో ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. పక్కపక్క గీతల్లో రాస్తే పై వరుస ఒత్తు కింది వరుస గుడిలో చిక్కుకుంటుంది. శుక్లాల కళ్లకు అది చీమల బారే. పెద్దవాళ్లకైతే ఒకవైపే రాయండి.

మొదలు

కుడివైపు పైన మీ చిరునామా, తేదీ. లోపల కూడా చిరునామా ఎందుకంటే, ఉత్తరం ఎవరికీ అందక, కవరు మీద పంపినవారి వివరాలూ లేకపోతే, తపాలాశాఖ దాన్ని విప్పి చూసేది మీకు తిప్పి పంపడానికే.

సంబోధన మీరు నోటితో పిలిచేదే. "అమ్మమ్మా," అంతే. స్నేహితుడికి "ఒరేయ్"ని మించిన సంబోధన ఇంకా పుట్టలేదు. "ఉభయకుశలోపరి" అలవాటున్న తరం తాతగారికి మాత్రం ఒకసారి వాడి చూడండి, మురిసిపోతారు. "ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను" అన్నది ఒక్క వాక్యంలో తేల్చేయాలి. ఇన్‌లాండ్‌లో పావువంతు దానికే పోయిన ఉత్తరాలు ఊళ్లో కట్టలకొద్దీ ఉంటాయి.

అసలు ఉత్తరం

వాళ్ల పాత ఉత్తరం పక్కన పెట్టుకుని, అందులో అడిగినవాటికి ముందు జవాబు చెప్పండి. ఆ తర్వాత మీరు చూసిన ఒక్క సంగతి, దగ్గరగా. "ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి" అంటే చదివేవాళ్లకు ఏమీ కనబడదు. "వేళచ్చేరిలో మా వీధిలో మోకాలిదాకా నీళ్లు. పాలబ్బాయి చెప్పులు చంకలో పెట్టుకుని మెట్లెక్కాడు. నన్ను తమిళంలో తిట్టడం మొదలుపెట్టి, తెలుగువాణ్ణని గుర్తొచ్చి తెలుగులో ముగించాడు" అని రాస్తే అమ్మమ్మ దాన్ని పక్కింటావిడకు కూడా చదివి వినిపిస్తుంది. ఇలాంటిది ఒకటి చాలు. పది సంగతులు కుక్కితే పదీ చప్పబడతాయి.

ప్రశ్నలు కూడా అలాగే. "ఎలా ఉన్నావు?" అంటే "బాగున్నాను" అని వస్తుంది. "ఈసారి ఆవకాయకు కాయ ఎవరి తోటలోది? ముక్కలు ఎవరు కొట్టారు?" అని అడగండి, పేజీ నిండుతుంది.

చిత్తుప్రతి రాసి తిరగరాయడం వద్దు, బడి వ్యాసంలా తయారవుతుంది. కొట్టివేతలు ఉండనివ్వండి. కోపంతో రాసిన ఉత్తరం మాత్రం ఒక రాత్రి ఆపి, తెల్లారాక చదివి అప్పుడు నిర్ణయించుకోండి. పరామర్శ ఉత్తరమైతే పోయినవాళ్లతో మీకున్న ఒక్క జ్ఞాపకం రాసి ఆపేయండి. ధైర్యం చెప్పొద్దు, జవాబు అడగొద్దు.

సంతకం కింద "తా.క." (తాజా కలం) అని రెండు వరుసల చోటు మిగుల్చుకోండి. చాలామంది అసలు మాట అక్కడే బయటపడుతుంది.

చిరునామా, డబ్బా

వానాకాలంలో జెల్‌పెన్ను చిరునామా అలుక్కుపోతుంది. ఇక్కడా బాల్‌పెన్నే. ఉత్తరం వేరుచేసేది ముందు చెన్నైలో, అక్కడివాళ్లకు తెలుగు రాకపోవచ్చు. పంచేది ఊళ్లో. అందుకని పేరు, వీధి తెలుగులో రాసినా పోస్టాఫీసు, జిల్లా, పిన్‌కోడ్ ఇంగ్లిషులో కూడా ఉండాలి. ఆంధ్రా, తెలంగాణ పిన్‌కోడ్‌లు 5తో మొదలవుతాయి. 600తో రాసి రాసి అలవాటైన చెయ్యి అక్కడ 6 వేసేస్తుంది, చూసుకోండి. ఒకే పిన్‌కోడ్ కింద చాలా పల్లెలుంటాయి కాబట్టి ఊరి పేరూ పోస్టాఫీసు పేరూ రెండూ కావాలి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి, పాత జిల్లా పేరు రాసే అలవాటుంటే మార్చుకోండి.

స్టాంపు మీద టేపు అంటించొద్దు, ముద్ర పడదు. స్టేప్లర్ పిన్ను పోస్ట్‌మన్ వేలికి గుచ్చుకుంటుంది. దీవెనగా పదకొండు రూపాయలు పెట్టే అలవాటుంటే మానుకోండి, మామూలు ఉత్తరంలో డబ్బు పంపకూడదు. డబ్బా మీద తీసే వేళలు కనబడకపోతే నేరుగా పోస్టాఫీసులోనే ఇవ్వండి.

పోస్టాఫీసుకు వెళ్లలేని పెద్దవాళ్లకు రాస్తున్నప్పుడు, కవరులో ఒక ఖాళీ ఇన్‌లాండ్ కూడా పెట్టండి. అప్పుడు 20 గ్రాములు దాటకుండా కాగితాలు రెండే. ఆ ఇన్‌లాండ్ మీద మీ చిరునామా ముందే మీరే రాసిపెట్టాలి, ఇంగ్లిషులోనో తమిళంలోనో. అమ్మమ్మ తెలుగులో రాస్తే చెన్నై పోస్ట్‌మన్ చదవలేకపోవచ్చు.