టెన్షన్‌తో బిగుసుకున్న మెడ, భుజాలను వదులు చేసుకోవడం ఎలా?

"ఎందుకలా గూనిగా కూర్చుంటావు, నిటారుగా కూర్చో" అని పిల్లలను కసరని ఇల్లు ఉండదు. ఆ మాటకు పిల్లవాడు ఊపిరి బిగబట్టి, ఛాతీ ముందుకు పెట్టి ఒక్క నిమిషం కూర్చుంటాడు. తర్వాత మళ్లీ మామూలే. పెద్దవాళ్ల సంగతీ అంతే. చాలామందిలో ఒళ్లు వంగేది బద్ధకంతో కాదు, టెన్షన్‌తో బిగుసుకుపోయి. ఆ బిగువు మీదే ఇంకో బిగువు వేసి నిటారుగా నిలబడితే ఎంతసేపు నిలుస్తాం? ముందు వదులు చేసుకోవాలి, ఆ తర్వాతే నిటారు.

కంగారు పుట్టగానే అడ్రినలిన్, కాస్త వెనకగా కార్టిసాల్ అనే హార్మోన్లు రక్తంలో పెరుగుతాయి. తన్నుకోవడానికో పరుగెత్తడానికో కండరాలు సిద్ధమవుతాయి. భుజాలు చెవుల వైపు లేస్తాయి, దవడ బిగుస్తుంది, తల ముందుకు వస్తుంది. దారిలో పాము ఎదురైతే ఇదంతా పనికొస్తుంది, నిమిషంలో గండం గడిచిపోతుంది కూడా. ఇంటి లోను, పిల్లల ర్యాంకు, ఆఫీసులో మార్చి నెల లెక్కలు అలా గడిచేవి కావు. అందుకే లేచిన భుజాలు దిగవు.

దీనికి ఊపిరి కూడా తోడవుతుంది. ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే డయాఫ్రమ్ అనే కండరం ఊపిరి పనిలో ఎక్కువ భాగం చూసుకోవాలి. టెన్షన్‌లో ఊపిరి పైపైన తీస్తాం కాబట్టి, ఆ పని కొంత మెడ కండరాల మీద పడుతుంది. మనిషి తల బరువు సుమారు 5 కిలోలు. అది ముందుకు వాలేకొద్దీ మెడ వెనక కండరాలు మరింత గట్టిగా పట్టి ఉంచాలి. సాయంత్రానికి మెడ పట్టేయక ఏం చేస్తుంది!

1. బిగువు ఎక్కడుందో కనిపెట్టండి

తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లో మొదటిసారి సొంత కారు నడిపినవాళ్లకు, పైకి చేరి కారు ఆపాక గానీ తెలియదు, స్టీరింగ్‌ను ఎంత గట్టిగా పట్టుకున్నారో. రోజువారీ బిగువు కూడా ఇలాగే మనకు తెలియకుండా ఉంటుంది. అందుకని గుర్తు చేసే చోట్లు పెట్టుకోండి. మన తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర బండి ఆగినప్పుడు, ఫోన్ మోగినప్పుడు, కుక్కర్ విజిల్ కోసం ఎదురు చూస్తున్నప్పుడు ఒక్కసారి చూసుకోండి: పళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయా? భుజాలు పైకి ఉన్నాయా? పిడికిలి, పొట్ట, కాలి వేళ్లు బిగించి ఉన్నాయా? ఏమీ సరిచేయక్కర్లేదు, ఎక్కడో తెలిస్తే చాలు.

2. ఊపిరి నెమ్మదిగా వదలండి

పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు గాలి తీసుకోండి. చెయ్యి కొంచెం ముందుకు రావాలి. ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి. వదిలేది నిదానంగా సాగినప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, ఒళ్లు శాంతపడుతుంది. రెండు మూడు నిమిషాలు చాలు. "గట్టిగా ఊపిరి పీల్చు" అని పక్కవాళ్లు చెప్పే సలహా అంత మంచిది కాదు. అలా పదేపదే పీలిస్తే తల తిరుగుతుంది. తిరిగితే ఆపేసి మామూలుగా ఊపిరి తీసుకోండి.

3. బిగించి, వదలండి

1920ల్లో అమెరికాలో ఎడ్మండ్ జేకబ్సన్ అనే డాక్టర్ అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. "వదులుగా ఉండు" అంటే కండరానికి అర్థం కాదు. ముందు కావాలని బిగిస్తే, తర్వాత వదులు అంటే ఏమిటో దానికే తెలుస్తుంది.

భుజాలను చెవులదాకా లేపి ఐదారు సెకన్లు పట్టండి. ఊపిరి వదులుతూ ఒక్కసారిగా జారవిడవండి. అర నిమిషం ఏమీ చేయకుండా ఆ తేడా గమనించండి. ఈ అర నిమిషమే అసలు పని, కానీ దీన్నే అందరూ ఎగ్గొడతారు. తర్వాత పిడికిళ్లు, ముఖం, పొట్ట, తొడలు, పాదాలు వరుసగా అలాగే చేయండి. నొప్పి ఉన్న చోట గట్టిగా బిగించొద్దు. దవడకు మాత్రం బిగించే పని లేదు, ఇప్పటికే చాలా బిగించి ఉంటాం. పెదవులు మూసి, పళ్ల మధ్య కాస్త సందు ఉంచితే చాలు.

4. మెడ, ఛాతీ

గడ్డాన్ని కిందికి వంచకుండా, నేరుగా వెనక్కి లాగి రెండు మూడు సెకన్లు ఉంచండి. ఎనిమిది పది సార్లు చేయండి. తర్వాత తలుపు చట్రానికి రెండు మోచేతులు ఆనించి, ఒక అడుగు ముందుకు వేసి నిలబడితే ఛాతీ కండరాలు సాగుతాయి. ముందుకు వంగిన భుజాలకు ఇది బాగా పనిచేస్తుంది.

కటింగ్ షాపులో తల మసాజ్ అయ్యాక మెడ పట్టి 'టక్' మని విరిపించుకునే అలవాటు మనవాళ్లలో ఉంది. దయచేసి మానేయండి. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు మెడ ఎముకల గుండా వెళతాయి. ఆ గుంజుడుకు అవి చిరిగితే పక్షవాతం దాకా పోవచ్చు.

5. కూర్చోవడం, నడవడం

పాదాలు నేలకు ఆనేలా, నడుము వెనక చిన్న దిండుతో, స్క్రీన్ పైభాగం కళ్ల ఎత్తులో ఉండేలా కూర్చోండి. అయితే ఎంత మంచి భంగిమైనా గంటల తరబడి అలాగే ఉంటే నొప్పే. అరగంటకోసారి లేవండి.

ఊళ్లో చాలామందికి నడక అంటే అలిపిరి మెట్లే. 3,550 మెట్లు భక్తితో ఎక్కండి, మెడ నొప్పి కోసం మాత్రం అక్కర్లేదు. ఎస్వీ యూనివర్సిటీ క్యాంపస్ చెట్ల కింద చేతులు ఊపుకుంటూ ఇరవై నిమిషాలు నడిస్తే సరిపోతుంది. ఫోన్ చూస్తూ నడిచేది లెక్కలోకి రాదు. ఆ మాటకొస్తే తిరుమల దర్శనానికి ముందు వైకుంఠం కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్‌లో కూర్చునే గంటలు మంచి అవకాశం. ఫోన్ ఎలాగూ డిపాజిట్ చేసేసి ఉంటాం, పైన చెప్పినవాటిలో చాలావరకు కూర్చున్న చోటే చేసుకోవచ్చు.

6. రాత్రికి

పెనం మీద రాళ్ల ఉప్పు వేడి చేసి, గుడ్డలో మూట కట్టి మెడకు, భుజాలకు కాపడం పెట్టండి. ముందు అరచేతి మీద వేడి చూసుకోవాలి. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లు ఇది మానుకోవడమే మేలు. తర్వాత చాప మీద వెల్లకిలా పడుకుని పిక్కలు కుర్చీ మీద పెట్టి పది నిమిషాలు ఉంటే నడుముకు హాయిగా ఉంటుంది.

ఇవి ఉంటే ఆగొద్దు

చేతుల్లో తిమ్మిరి లేదా బలహీనత, జ్వరంతో మెడ వంగకపోవడం, పడిన తర్వాత వచ్చిన నొప్పి, వారాలు గడిచినా తగ్గని నొప్పి ఉంటే డాక్టరుకు చూపించండి. ఛాతీలో బరువు, చెమటలు, చేతికి గానీ దవడకు గానీ పాకే నొప్పి ఉంటే టెన్షనో గ్యాసో అనుకోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. మనసులో భారమే దిగనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఉంది. ఖర్చు లేదు, ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడొచ్చు.