సేల్ సీజన్ రాకముందే మీ అఫిలియేట్ పేజీ సీఎస్ఎస్ ఒకసారి చూస్కోండి

మన లింకు నొక్కి ఎవరైనా కొంటే మనకి కమీషన్ వచ్చే పేజీనే అఫిలియేట్ పేజీ, ఆ పేజీ రంగులు, సైజులు, అమరిక చెప్పే కోడే సీఎస్ఎస్. సేల్ ఇంకో పది రోజులుందనగా చాలామందికి చేతులు ఊరుకోవు, కొత్త థీమ్ వేస్తారు, స్లైడర్ పెడతారు, కౌంట్‌డౌన్ టైమర్ తగిలిస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. అమ్ముడుపోయే పేజీకి కావల్సింది ఒక హెడ్డింగు, ఒక ఫోటో, మీరు వాడి చూసి రాసిన నాలుగు మాటలు, కంటికి ఆనే ఒక బటన్. దానికి యాభై లైన్ల సీఎస్ఎస్ చాలు, నా పేజీలన్నీ అలాంటివే.

ముందు నాకు తగిలిన దెబ్బ చెప్తా. పోయిన సీజన్లో ఒక పోలిక టేబుల్ పెట్టా, ఐదు కాలమ్స్, చివరి కాలమ్‌లో కొనే లింకు. లాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా ఉంది. ఫోన్లో మాత్రం పేజీ పక్కకి జరుగుతోందని బాడీకి, అంటే మొత్తం పేజీకి, ఓవర్‌ఫ్లో ఎక్స్ హిడెన్ (పక్కకి పొడుచుకొచ్చేదాన్ని దాచెయ్ అని) ఇచ్చేశా, జరగడం ఆగింది, హాయిగా పడుకున్నా. రెండ్రోజులు జనం వస్తున్నారు, చదువుతున్నారు, ఫోన్ల నుంచి ఒక్క క్లిక్కూ లేదు. తీరా చూస్తే ఆ చివరి కాలమ్ స్క్రీన్ అంచున తెగిపోయింది, వేలితో లాగినా రావట్లేదు. కొనాలనుకున్నవాళ్ళకి కొనే దారే లేదు, ఇప్పటికీ తల్చుకుంటే బాధేస్తుంది.

అందుకని టేబుల్ చుట్టూ ఒక డివ్ (హెచ్‌టీఎంఎల్‌లో ఒక డబ్బా లాంటిది) పెట్టి ఆ డివ్‌కి ఓవర్‌ఫ్లో ఎక్స్ ఆటో ఇవ్వండి, అప్పుడు టేబుల్ ఒక్కటే జరుగుతుంది, పేజీ కదలదు. ఇంకా మంచి పని ఏంటంటే లింకుని మొదటి కాలమ్‌లోనే వస్తువు పేరు కింద పెట్టేయడం. పేజీ జరుగుతుంటే దాన్ని దాచేయకుండా ఏది బయటికి పొడుచుకొస్తోందో పట్టుకోండి, స్టార్ సెలెక్టర్‌తో (సీఎస్ఎస్‌లో * గుర్తు) పేజీలో ఉన్న అన్నిటికీ ఒక పిక్సెల్ ఎర్ర అవుట్‌లైన్ పెడితే దొరికిపోతుంది. బోర్డర్ పెట్టొద్దు, దానివల్ల సైజులే మారిపోతాయి, అవుట్‌లైన్ అయితే ఏదీ కదలదు.

బటన్ దగ్గర కూడా ఓ తిరకాసు ఉంది. లింకుకి ఊరికే పాడింగ్ (అక్షరాల చుట్టూ ఖాళీ) ఇస్తే అది ఇన్‌లైన్, అంటే లైన్లో ఒక మాటలాంటిది కాబట్టి పైనా కిందా ఉన్న లైన్ల మీదికి ఎక్కి కూర్చుంటుంది, డిస్‌ప్లే ఇన్‌లైన్ బ్లాక్ ఇవ్వాల్సిందే. ఎత్తు 44 పిక్సెళ్ళు ఉంటే బొటనవేలికి బాగా అందుతుంది. అక్షరాలకీ వెనక రంగుకీ కాంట్రాస్ట్ కనీసం 4.5కి 1 ఉండాలి, లేత ఆరెంజ్ మీద తెల్ల అక్షరాలు మనకి బాగున్నట్టే ఉంటాయి గానీ ఎండలో ఫోన్ పట్టుకున్నవాళ్ళకి ఏమీ కనపడదు. మౌస్ పెడితేనే బయటపడే ధర, హోవర్‌లో మాత్రమే వచ్చే బటన్ లాంటివి తీసేయండి, ఫోన్లో వేలికి హోవర్ ఉండదు.

ఫోటోలకి హెచ్‌టీఎంఎల్‌లోనే విడ్త్, హైట్ రాయండి, సీఎస్ఎస్‌లో మ్యాక్స్ విడ్త్ 100 శాతం, హైట్ ఆటో. ఇవి లేకపోతే ఫోటో ఆలస్యంగా వచ్చి పేజీని కిందికి తోస్తుంది, సరిగ్గా బటన్ నొక్కబోతున్నప్పుడే అది జారిపోతుంది. ఈ జారడాన్ని గూగుల్ సీఎల్ఎస్ అని కొలుస్తుంది, 0.1 లోపు ఉంటే మంచిది, పెద్ద ఫోటో 2.5 సెకన్లలోపు కనపడాలి. పైనుండే మొదటి ఫోటోకి లేజీ లోడింగ్ (స్క్రీన్ దగ్గరికి వచ్చాకే ఫోటో తెచ్చే పద్ధతి) పెట్టకండి.

తెలుగులో రాసే పేజీ అయితే లైన్ హైట్ 1.7 దాకా ఇవ్వండి, తక్కువైతే పై లైన్లో ఒత్తులు కింది లైన్ గుడుల మీద పడతాయి.

కమీషన్ వస్తుందన్న మాట ఎక్కడో ఫుటర్లో బూడిద రంగులో పడేయొద్దు, మొదటి లింకు కంటే ముందే, మామూలు అక్షరాల సైజులోనే రాయండి. అమెరికాలో కొనేవాళ్ళ రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ కూడా స్పష్టంగా, కంటపడేలా చెప్పమనే అంటుంది. నాకైతే రూల్ కంటే చదివేవాళ్ళ నమ్మకమే ముఖ్యం. ఆ మాటని సీఎస్ఎస్‌లో కంటెంట్ ప్రాపర్టీతో పెట్టకండి, ఫైల్ లోడ్ కాకపోతే మాటే మాయమైపోతుంది. లింకుకి రెల్ స్పాన్సర్డ్ (ఇది డబ్బులొచ్చే లింకు అని గూగుల్‌కి చెప్పే గుర్తు) తగిలించండి, గూగుల్ 2019లో తెచ్చింది దాన్ని. ధర చేత్తో టైప్ చేయొద్దు, సేల్లో గంటకోసారి మారుతుంది, అమెజాన్ అఫిలియేట్ ప్రోగ్రామ్ రూల్సే అందుకు ఒప్పుకోవు.

ఇవన్నీ సేల్‌కి రెండ్రోజుల ముందే ముగించి ఫైల్ ఒక కాపీ తీసి పెట్టుకోండి. సీఎస్ఎస్ మార్చాక ఫైల్ పేరు చివర వెర్షన్ నంబర్ కూడా మార్చండి, లేకపోతే ముందోసారి వచ్చి వెళ్ళినవాళ్ళ బ్రౌజర్ కాష్‌లో (అది దాచుకున్న కాపీల్లో) ఉన్న పాత ఫైలే వస్తుంది, కొత్త హెచ్‌టీఎంఎల్ పాత సీఎస్ఎస్ కలిసి పేజీ చిందరవందర అవుతుంది. తర్వాత ఇంట్లో ఉన్న పాత ఫోన్ తీసి, వైఫై ఆపి, మొబైల్ డేటా మీద పేజీ తెరిచి ప్రతి లింకూ నొక్కి చూడండి, సరైన వస్తువు దగ్గరికే వెళ్తోందా, స్టాక్ ఉందా అని. సేల్ రోజు పొద్దున ఈ లింకులు మాత్రం ఇంకోసారి నొక్కండి, స్టాక్ అయిపోయినవి మార్చండి, సీఎస్ఎస్ ఫైల్ మాత్రం సేల్ అయ్యేదాకా తెరవకండి.