155 పాయింట్ల నుంచి పూర్తి మ్యాప్ దాకా: రాండమ్ ఫీల్డ్ ఎలా వాడాలి

కొన్ని చోట్లే కొలిచాం, కొలవని చోట ఎంతుందో చెప్పాలి. మట్టికైనా, బోరు నీళ్ళకైనా ఇదే తంటా. రాండమ్ ఫీల్డ్‌లో ప్రతి పాయింట్ దగ్గరా ఒక రాండమ్ వేరియబుల్ (ఇంత అని ముందే తెలియని విలువ) ఉందనుకుంటాం, దగ్గరగా ఉన్నవి ముడిపడి ఉంటాయి, దూరం పెరిగేకొద్దీ ఆ ముడి వదులైపోతుంది, అంతే.

నేర్చుకోడానికి ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో దొరికే మ్యూజ్ డేటా తీసుకోండి. నెదర్లాండ్స్‌లో స్టెయిన్ ఊరి దగ్గర మ్యూజ్ నది వరద మైదానంలో 155 చోట్ల పైమట్టిలో జింక్ కొలిచారు. 113 నుంచి 1839 పీపీఎం (పది లక్షల్లో ఇన్ని వంతులు) దాకా ఉంది, మీడియన్ (వరసలో పెడితే నడిమి విలువ) మాత్రం 326, అంటే నాలుగు పెద్ద విలువలు మొత్తాన్ని లాగేస్తాయి, అందుకని ముందు లాగ్ (లాగరిథమ్) తీసుకోండి.

తర్వాత వేరియోగ్రామ్, అంటే దూరంతో పాటు తేడా ఎలా పెరుగుతుందో చూపే గ్రాఫ్, టైమ్ అంతా ఇక్కడే పెట్టండి. పాయింట్లని జతలుగా తీసుకుని, వాటి విలువల తేడాని స్క్వేర్ చేసి, సగం చేసి, ఇంచుమించు ఒకే దూరంలో ఉన్న జతలన్నిటికీ సగటు కట్టి గ్రాఫ్ గీయడమే. ఆర్‌లోని జీస్టాట్ ప్యాకేజీలో స్ఫెరికల్ మోడల్ (ఒక దూరం దాకా పెరిగి అక్కడ చదునయ్యే గీత) ఫిట్ చేస్తే నగెట్ 0.05, పార్షియల్ సిల్ (నగెట్ పైన గీత పెరిగే ఎత్తు) 0.59, రేంజ్ (గీత చదునయ్యే దూరం) దాదాపు 900 మీటర్లు వస్తాయి. అంటే 900 దాటాక ఈ మోడల్ ప్రకారం ఒక పాయింట్‌కీ ఇంకో పాయింట్‌కీ సంబంధం లేదు. నగెట్ అంటే పక్కపక్కనే తవ్వినా మిగిలే తేడా. ఆ పేరు బంగారు గనుల నుంచే వచ్చింది, దక్షిణాఫ్రికా గనుల మీద అక్కడి ఇంజినీర్ డానీ క్రీగ్ 1951లో చేసిన పనినే ఫ్రాన్స్‌లో గణితవేత్త మాథెరాన్ గణితంగా కట్టి క్రిగింగ్ అన్నారు. చుట్టుపక్కల కొలతలకి వేరియోగ్రామ్‌ని బట్టి బరువులిచ్చి, కొలవని చోట అంచనా కట్టడమే క్రిగింగ్.

జింక్ వరదతో వచ్చింది కాబట్టి నదికి దూరమయ్యేకొద్దీ తగ్గుతుంది, ఆ దూరం వర్గమూలాన్ని ట్రెండ్‌గా పెట్టి, మిగిలినదానికి వేరియోగ్రామ్ మళ్ళీ గీయండి. ఆ తర్వాత 40 మీటర్ల గ్రిడ్ మీద క్రిగింగ్ చేస్తే రెండు మ్యాపులొస్తాయి, విలువ ఒకటి, వేరియన్స్ (ఆ అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో) ఒకటి. చాలామంది రెండోది పక్కన పడేస్తారు, దయచేసి అలా చేయొద్దు, మన మాట ఎక్కడ నమ్మకూడదో చెప్పేది అదే. లాగ్ వెనక్కి తిప్పితే వచ్చేది మీడియన్, సగటు కాదు, ఇది కూడా గుర్తుంచుకోండి.

ఇంకోటి, క్రిగింగ్ ఎత్తుపల్లాల్ని చదును చేసేస్తుంది. "లిమిట్ దాటిన నేల ఎంత?" అని అడిగితే ఆ ఒక్క మ్యాప్ చూసి చెప్పకండి, కండిషనల్ సిమ్యులేషన్ (కొలిచిన విలువల్ని అలాగే ఉంచి, మిగతా చోట్ల ఉండగలిగే విలువలతో ఒక మ్యాప్ పుట్టించడం) ఓ వంద సార్లు నడిపి, ప్రతి గడిలో ఎన్నిసార్లు దాటిందో లెక్కపెట్టండి.

నల్గొండ బోర్లలో ఫ్లోరైడ్‌కైతే లిమిట్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు, పైగా లోతు కూడా ఒక దిక్కే. పక్కకి 50 మీటర్లు, కిందకి 50 మీటర్లు ఒకటి కావు, కింద రాయే మారిపోవచ్చు, అందుకే నిలువు రేంజ్ విడిగా ఫిట్ చేయాలి.